కంద అని చెప్పాను

తొమ్మిదేళ్ళుగా ఒక వడ నాకు అరగడం లేదు. నవ్వొస్తే నవ్వండి. ఈ మాట రాసి నేనూ కొంచెం నవ్వుకున్నాను. తిన్నది నేను కాదు. తినిపించింది నేను. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే, నేనూ, ఆ వడ వేసిన రోజమ్మా. ఇప్పుడు మీరు మూడోవారు. నా పేరు చెప్పను. మిగతా పేర్లు మార్చాను. జరిగింది మాత్రం మార్చలేదు.

విశాఖపట్నం పాత ఊళ్ళో మనుషుల్ని సందుసందూ నడిపించి తిండి తినిపించడం నా పని. ఫుడ్ వాక్ అంటారు. సాయంత్రం ఐదింటికి పూర్ణా మార్కెట్ దగ్గర మొదలుపెట్టి, పాత మేడల మధ్య నుంచి కొండ వాలు దాకా వెళ్తాం. దారిలో ఏడు చోట్ల ఆగుతాం. నేను ఈ పనిలోకి దిగినప్పుడు మా అమ్మ, "తినడానిక్కూడా దారి సూపించే మనిసి కావాలేట్రా?" అని ఆశ్చర్యపోయింది. అంతకు ముందు గాజువాక వైపు ఒక షెడ్డులో వెల్డింగ్ చేసేవాణ్ణి. కళ్ళు మండి, నడుం పట్టేసి, అది మానేశాను. ఈ వీధుల్లోనే పుట్టి పెరిగాను కదా, ఎక్కడ ఏది రుచిగా ఉంటుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు అనుకున్నాను. ఆ పొగరు కొంచెం ఉండేది.

అప్పట్లో నాదొక పద్ధతి. ఏం పెడుతున్నానో ముందు చెప్పేవాణ్ణి కాదు. తిన్నాక, "ఇందులో ఏముందో చెప్పండి చూద్దాం" అనేవాణ్ణి. ఒకరు పెసరపప్పు అంటారు, ఇంకొకరు కొబ్బరి అంటారు, కాసేపు గోల, చివరికి నేను గుట్టు విప్పితే చప్పట్లు. నిజం చెప్పాలంటే ఆ చప్పట్ల కోసమే ఆ ఆట. అయితే బయల్దేరే ముందు అందర్నీ ఒకచోట నిలబెట్టి, ఎవరు ఏం తినరో అడిగి చిన్న పుస్తకంలో రాసుకునేవాణ్ణి. నేను రాసుకున్నాననే ధైర్యంతోనే వాళ్ళు పేరు అడక్కుండా నోట్లో పెట్టుకునేవాళ్ళు.

అది మే నెల. సముద్రంలో వేట ఆపేసే రోజులు. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పనిచేసేవాళ్ళు ఓ పదిమంది కలిసి వచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి తన తల్లిని కూడా వెంటబెట్టుకొచ్చింది. భీమిలి దగ్గర పల్లె వాళ్ళది, చేపల వేట మీద బతికే ఇల్లు. తల్లికి అరవై ఏళ్ళుంటాయి. నిటారైన మనిషి, పెద్ద గొంతు. గురమ్మ అనుకుందాం. ఆమె ఇరవై ఏళ్ళు ఆ చుట్టుపక్కల వీధుల్లో నెత్తిన గంప పెట్టుకుని చేపలమ్మిన మనిషి. ఆ వీధుల్నే ఆమెకు చూపిస్తానని నేను బయల్దేరాను.

పుస్తకం తీసి అడిగాను. "అన్నీ తింతాను బాబూ. పనస ఒక్కటే ముట్టను. కాశీలో ఒగ్గేసినాను" అంది. "పనస" అని రాసుకున్నాను. నా దారిలో పనస ఎక్కడా లేదు కదా అని నిశ్చింతగా పుస్తకం జేబులో పెట్టుకున్నాను.

కాశీ వెళ్ళినవాళ్ళు తమకు ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలేసి వస్తారని మీకు తెలిసే ఉంటుంది. నేను క్యాథలిక్కుని, అయినా ఇరుగుపొరుగును చూసి నాకూ తెలుసు. మా వీధిలో ఒకాయన కాకరకాయ వదిలేసి వచ్చాడు. ఇష్టమైనది వదలమంటే ఇంట్లో కాకర తినే బాధ వదిలించుకున్నాడని అందరూ ఆయన్ని ఏడిపించేవారు. గురమ్మది అలాంటిది కాదు. నడుస్తుంటే ఆమె కూతురు మెల్లగా నా పక్కకొచ్చి చెప్పింది. వాళ్ళ నాన్న పడవ తిరగబడి సముద్రంలో పోయాడు. శవం దొరకలేదు. వేసవి వచ్చిందంటే సింహాచలం పనసపండు భుజాన వేసుకొచ్చి, చేతులకు నూనె రాసుకుని, తనే కోసి, మొదటి తొన పెళ్ళాం నోట్లో పెట్టేవాడట. ఆయన పోయిన ఏడే గురమ్మ కాశీ వెళ్ళి పనస వదిలేసింది. అప్పటికి ఆరేళ్ళు. "బండి మీద పనసపండు కనపడితే అమ్మ రోడ్డుకి అవతలి పక్కకి ఎల్లిపోద్ది సార్" అందా అమ్మాయి. నేను అయ్యో అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అందుకే ఆ తర్వాత చేసిన పనికి తెలియక చేశానని చెప్పుకోలేను.

ఆ సాయంత్రం అసలు గైడ్ ఎవరో నాకే అనుమానం వచ్చింది. ఇది నూరేళ్ళ నాటి మిఠాయి కొట్టు అని నేనంటే, "ఏ నూరేళ్ళు? ఈడి బాబు నా కళ్ళ ముందే ఎట్టినాడు" అని గురమ్మ నవ్వేది. ఈ సందుకి ఫలానా దొర పేరు పెట్టారు అని నేనంటే, ఆ సందులో ఏ ఇంటావిడ చేపకి మొప్పలెత్తి చూసేదో, ఏ ఇంటావిడ చూడకుండా తీసుకునేదో ఆమె చెప్పేది. జనం ఆమె చుట్టూ చేరారు. నేనూ నవ్వుతూనే ఉన్నాను, కానీ లోపల చురుక్కుమంది. ఒక్కసారైనా ఈమెను ఓడించాలి అనిపించింది. ఇంత చిన్న బుద్ధిని కూడా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదాంట్లో దానికీ చోటుంది.

ఆరో మజిలీ రోజమ్మ వరండా. కొండ వాలులో చిన్న పెంకుటిల్లు. రోజమ్మ మా చర్చి మనిషే. ఎండు రొయ్యల వడలు వేస్తుంది. అందరూ శనగపప్పు రుబ్బి వేస్తారు. రోజమ్మ మాత్రం వేసవిలో పనసపిక్కలు ఉడకబెట్టి, పైపొర తీసి, మెత్తగా నూరి కలుపుతుంది. పైన కరకరలాడుతుంది, లోపల వెన్నలా ఉంటుంది. పిక్కలని ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. ఆ రోజు ఇక్కడ గురమ్మ ఓడిపోవడం ఖాయం అనుకుంటూ మెట్లెక్కాను. పనస అంటే నా బుర్రలో పండు, పచ్చటి తొనలు. పిక్క కూడా పనసేనని నాకు తట్టలేదు. ఒట్టు, తట్టలేదు. ఇక్కడిదాకా మీరు నన్ను క్షమించవచ్చు. ఇక్కణ్ణుంచి అడగను.

గురమ్మ రెండు వడలు తినేసి మూడోది చేతిలోకి తీసుకుంది. నేను మామూలుగా అడిగాను, ఏముందో చెప్పండి చూద్దాం అని. ఒకరు బంగాళాదుంప అన్నారు. ఒకరు శనగపిండి అన్నారు. గురమ్మ కళ్ళు మూసుకుని నోట్లోది నమిలింది.

"నలబయ్యేళ్ళు ఎండ్రొయ్యలు వండినాను. ఇలాటి రుసి ఎరగను. ఏటేసినాది బాబూ ఇందల?"

చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. అప్పుడు తట్టింది. పదిమంది నా నోటి వైపే చూస్తున్నారు.

"కంద" అన్నాను.

"కందా? గొంతు దురద రాదేటి?"

"చింతపండు నీళ్ళలో ఉడకబెడుతుంది అత్తా."

"ఓలమ్మ! ఓడిపోనానురా బాబూ" అని పకపకా నవ్వి, చప్పట్లు కొట్టి, చేతిలో ఉన్న మూడో వడ నోట్లో పెట్టుకుంది.

చింతపండు నీళ్ళు! అబద్ధం ఒక్కటి చాలలేదు నాకు, దాన్ని చక్కగా వండి వడ్డించాను. మొదటి రెండు వడలూ పొరపాటు. మూడోది పొరపాటు కాదు. ఆమె చెయ్యి నోటి దాకా వెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాట, అత్తా ఆగు అన్న ఒక్క మాట చాలు. ఎందుకు అనలేదు? అందరి ముందు ఆవిడ ఏడుస్తుందని, ఆ సంబరం పాడవుతుందని, తెలియకపోతే పాపం అంటదు కదా అని, ఆ రాత్రంతా నాకు నేను ఎన్ని చెప్పుకున్నానో. అవేవీ కాదు. నా తప్పు పదిమందిలో బయటపడుతుందని భయపడ్డాను. అంతకంటే సిగ్గుచేటైనది ఇంకొకటి, ఆమె ఓడిపోయానన్నప్పుడు నాకు ఒక్క క్షణం సంతోషం కలిగింది.

పొద్దున్నే తింటానని ఇంకో నాలుగు వడలు పొట్లం కట్టించుకుంది. రోజమ్మ పొట్లం కడుతూ నా వైపు చూసింది. కంద అన్న మాట ఆమెకూ వినపడింది. నేను తల అడ్డంగా ఊపాను, ఏమీ అనొద్దని. అందరూ వెళ్ళాక వెనక్కొచ్చి సంగతి చెప్పాను. రోజమ్మ పొయ్యి ఆర్పేసి మూకుడు దించింది. "నా పిక్కల్ని కంద సేసీసినావు, పోనీలే. ఆ తల్లి మొక్కుని ఏటి సేసినావురా?" అంది. ఎవరితోనూ అనకు అని బతిమాలుకున్నాను. ఆమె ఈ రోజు దాకా అనలేదు. నన్ను చూసినప్పుడల్లా కళ్ళతో మాత్రం అడుగుతూనే ఉంటుంది.

ఇంతటితో గురమ్మ తన దారిన తను వెళ్ళిపోయి ఉంటే, నేనూ మెల్లగా మరిచిపోయేవాణ్ణేమో. అలా జరగలేదు. ఆమెకు నేను నచ్చాను. నా ఫోన్ నంబరు కూతురి చేత రాయించుకుంది. వారం తిరక్కుండా ఫోన్ చేసి, "నీకు సేపల సంగతి ఏటీ తెల్దు, రేపు పొద్దున్న హార్బర్‌కి రా" అంది. వెళ్ళాను. వేట ఆగిన రోజులు కావడంతో అందరూ వలలు బాగుచేసుకుంటూ తీరిగ్గా ఉన్నారు. గురమ్మ నన్ను వాళ్ళ మధ్యకి లాక్కెళ్ళి, "ఈ బాబు నా మనిసి, ఈడు ఎవల్ని తెచ్చినా మంచిగా సూడండి" అని చెప్పింది. ఈ రోజు నేను హార్బర్‌లో ఎక్కడికి మనుషుల్ని తీసుకెళ్ళినా నన్ను ఎవరూ పొమ్మనరంటే, అది ఆ ఒక్క మాట చలవ. ఏ చేప కన్ను ఎలా మెరవాలో, దేన్ని పులుసు పెట్టాలో, దేన్ని కాల్చాలో ఆమే నేర్పింది. నా మాటల్లో ఎవరికైనా ఏదైనా నచ్చిందంటే అందులో సగం గురమ్మవే.

నాకు కూతురు పుట్టినప్పుడు కబురు ఎలా తెలిసిందో, నాలుగో రోజు పాలసొర చేప పట్టుకుని మా ఇంటికొచ్చింది. బాలింతకు పాలు పడతాయని ఆ సొరతో పుట్టు వండుతారు. మా వంటింట్లో గురమ్మ కింద కూర్చుని సొరని ఉడకబెట్టి, చర్మం ఊడదీసి, ముళ్ళేరి, అల్లం వెల్లుల్లి వేసి పొడిపొడిగా వేయించి, మా ఆవిడ దగ్గర కూర్చుని ముద్దలు కలిపి పెట్టింది. మా అమ్మ పక్కనే నిలబడి, నాకు తెలీని విద్య అని మెచ్చుకుంది. అలా ఆరుసార్లు వచ్చింది. భీమిలి నుంచి బస్సులో, ఐసు వేసిన చేప సంచిలో పెట్టుకుని. నా కూతురి ఒంట్లో ఆమె చేతి చలవ ఉంది. ఇది నేను తేలిగ్గా అనే మాట కాదు. ఆమె అంటే నాకు అంత ఇష్టం, అంత కృతజ్ఞత. తప్పు చేసినవాడి భయంతో వచ్చిన మర్యాద అనుకుంటారేమో, కాదు. ఆమె ఎదురైతే నాకు మనసు నిండుతుంది. నిండిన వెంటనే ఆ వరండా గుర్తొస్తుంది.

వేసవి వస్తే ఆమె తనంతట తనే రోజమ్మ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. రోజమ్మ దగ్గరికి పరిగెత్తి, గురమ్మకి వేరేగా శనగపప్పుతో వెయ్యమని చెప్పాను. వేసింది. గురమ్మ ఒకటి కొరికి, "ఆనాటి రుసి ఏది? కంద మార్సేసినావేటి?" అని రోజమ్మని నిలదీసింది. నేను పక్కనే ఉన్నాను. రోజమ్మ చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. రెండు వేసవులు అలా పప్పు వడలు తింటూ, ఆ మొదటిరోజు రుచినే తలుచుకుంటూ గడిపింది. ఆ తర్వాత మోకాళ్ళు పట్టేసి, కొండ వాలు ఎక్కడం మానేసింది. ఆమె మోకాళ్ళు నొప్పులని విన్నప్పుడు, దేవుడు నన్ను క్షమించాలి, హమ్మయ్య అనుకున్నాను.

ఆట మానేశాను. ఇప్పుడు ముందే అన్నీ చెప్పి పెడతాను. చప్పట్లు తగ్గాయి. నేను కూడా పనస మానేద్దామని ఒక ఏడు మొక్కుకున్నాను. రెండు నెలలయ్యాక తెలిసింది, నాకు పనస మొదట్నుంచీ పెద్ద ఇష్టం లేదని. మా వీధి కాకరకాయ ఆయనకి నేనేమీ తీసిపోనని సిగ్గేసి, ఆ మొక్కు సంగతి ఎవరికీ చెప్పలేదు. మా చర్చిలో పాపసంకీర్తనం ఉంది. వెళ్తాను. అబద్ధాలు ఆడాను ఫాదర్ అంటాను. జపాలు చెప్పమంటారు, చెబుతాను. ఏ అబద్ధం, ఎవరితో అని ఆయన అడగరు. నేనూ విప్పను. టోకున ఒప్పుకున్న పాపం టోకునే పోతుందా?

పోదని నాకు గురమ్మే చెప్పింది, తనకు తెలియకుండా. ఒక ఏడు తపఃకాలంలో ఏదో పని మీద భీమిలి వెళ్ళి ఆమెను చూసొద్దామని ఇంటికి వెళ్ళాను. ఈస్టర్‌కి ముందు ఆ నలభై రోజులు నేను మాంసం, చేప ముట్టను. ఆ సంగతి ఎప్పుడో మాటల్లో అన్నాను, ఆమె మరిచిపోలేదు. ఇంట్లో చుట్టాలున్నారు, పెరట్లో పెద్ద గిన్నెతో చేపల పులుసు ఉడుకుతోంది. నన్ను అవతలి గదిలో కూర్చోబెట్టి, ఒక మట్టి దాకతో పప్పు తెచ్చి ముందు పెట్టింది. "కొత్త దాక ఇది. గరిటీ కొత్తదే. సేప సెయ్యి తగల్నేదు, తానం సేసి వండినాను. నీ మొక్కు నాను సెడగొడతానేటి?" అంది.

రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నాను. ఎండకి అలసిపోయానని చెప్పాను. ఇంకొక అబద్ధం. నా దేవుణ్ణి ఆమె ఎరగదు. ఎరగని దేవుడి కోసం, పరాయివాడి మొక్కు కోసం స్నానం చేసి కొత్త దాక పొయ్యి మీద పెట్టింది. ఆమె దేవుణ్ణి నేనూ ఎరగను. నేనేం చేశాను?

ఈ మే నెలలో ఇక చెప్పేద్దామని బయల్దేరాను. బస్సులో సముద్రం పక్కనే వెళ్తూ మాటలు కూడబలుక్కున్నాను. గురమ్మ గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఎలా మొదలుపెట్టాలా అని నేను తడబడుతుంటే ఆమే అడిగింది.

"మీ పాదిరిగారికి తప్పు సెప్పేసుకుంటే పోద్దంట కదా నాయినా?"

"పోతుందంటారు అత్తా."

"బాగున్నాది. మాకలాగ నేదు. ఒగ్గీసినామంటే ఒగ్గీసినట్టే." కాసేపు మోకాళ్ళు నిమురుకుంది. "పదిహేనేళ్ళయినాది పనస ముట్టి. ఆడి ముకం సివరిసారి సూడనేదు. ఆడికి కొరివి పెట్టనేదు. రేపు ఆడి కాడికి ఎల్తే, ఇదిగోరా నీకోసం ఇది సేసినాను అని సెప్పుకోడానికి నాకాడ ఇదొక్కటే ఉన్నాది."

కూడబలుక్కున్న మాటలన్నీ మింగేశాను. నా మనసు తేలికపడాలంటే ఆమె దగ్గర మిగిలిన ఆ ఒక్కటీ నేను లాగేసుకోవాలి. నా కూతురికని ఎండు చేపలు పొట్లం కట్టి ఇచ్చింది. తీసుకుని, కాళ్ళకు దణ్ణం పెట్టి వచ్చేశాను. ఎప్పుడూ పెట్టనివాణ్ణి పెట్టేసరికి, "ఏటైనాది బాబూ?" అంది. ఏమీ లేదత్తా అన్నాను.

ఇది జాలా, పిరికితనమా? ఆ రోజు వరండాలో కూడా ఆమె బాధపడుతుందనే చెప్పుకున్నాను. అప్పుడది అబద్ధం. ఇప్పుడు నిజమేమో. రెండూ నాకు ఒకేలా వినిపిస్తున్నాయి, అదే నా బాధ. ఏం చెయ్యాలో చెప్పమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించమనీ అడగడం లేదు, ఆ హక్కు మీది కాదు. వినేవాళ్ళు ఒకరు కావలసి వచ్చింది, అంతే. విన్నారు, మీకు దణ్ణం.

నాకు ఇంత చేసిన మనిషి గురించి నేను నోరు విప్పి చెప్పగల నిజం ఒక్కటే. రేపు పైన ఎవరైనా అడిగితే ఆ తల్లి తడుముకోనక్కర్లేదు. గురమ్మ మొక్కు తప్పలేదు. తప్పించినవాణ్ణి నేను. ఈ ఒక్క ముక్క అనడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది.